రోగమునకు జిల్లా గలదా?

గత నెల రెండవ ఆదివారమున జరిగిన మన సంఘ కార్యవర్గ సమావేశములో ఒక తీర్మానపు ముసాయిదా మా చేతికి వచ్చినది. దానిని వ్రాసినవారు మాకు పెద్దలు. మా తండ్రిగారు గతించిన పిమ్మట దుకాణము నిలబెట్టుకొనుటకు మాకు దారి చూపినవారు. అయినను ఆ కాగితమును మేము రెండు పర్యాయములు చదివి, మాట రాక బల్లపై బోర్లించి ఉంచితిమి. అందులోని సంగతి ఇది. మన సంఘము నడుపుచున్న వివాహ సంబంధముల పట్టికలో "స్వస్థలము" అను గడి ప్రక్కన ఇకమీదట మరియొక గడి గీయవలెనట. గోదావరి, కృష్ణా, గుంటూరు, ప్రకాశము జిల్లాలనుండి ఇటీవల వచ్చి షోలాపురమున స్థిరపడినవారు తమ పిల్లల రక్తపరీక్ష పత్రమును ఆ గడిలో జతపరచవలెనట. నాలుగైదు తరములుగా ఇక్కడనే మగ్గమును నమ్ముకొని బ్రతుకుచున్న మనకు మాత్రము అది అక్కరలేదట. ఏలయనగా అవి "ఎయిడ్స్ జిల్లాలు" అట. మనది శుద్ధమైన ఊరట.

ఈ ముసాయిదా సర్వసభ్య సమావేశమునకు రానున్నది. కావున మేము చెప్పదలచినదానిని ముందుగా ఈ పత్రికాముఖమున చెప్పుచున్నాము. ఇట్టి విషయము స్త్రీలును పిల్లలును చదువు పత్రికలో వ్రాయదగునా యని కొందరు ముక్కున వేలు వేసికొందురని ఎరుగుదుము. బస్సు స్టాండు గోడలపై "రహస్య వ్యాధులకు గ్యారంటీ చికిత్స" అని మూరెడేసి అక్షరములతో వ్రాసియుండగా ఆ స్త్రీలే, ఆ పిల్లలే దినమునకు రెండుసార్లు దాని ముందునుండి నడచుచున్నారు. అప్పుడు రాని సిగ్గు ఇప్పుడు వచ్చుట వింత.

ముసాయిదాకు ఆధారము వాట్సాపులో తిరుగుచున్న ఒక భారతదేశ పటము. అందు ఆంధ్రప్రదేశమునకు ముదురు ఎరుపు పూసియున్నది. మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించినవారము. వైద్యశాస్త్రము మాకు రాదు. కాని ఖాతాపుస్తకము చదువుట వచ్చును. కావున జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థవారి 2019 సంవత్సరపు అంచనాలను తెప్పించి, రెండు రాత్రులు కూర్చుండి చూచితిమి.

దేశము మొత్తముమీద హెచ్.ఐ.వి.తో జీవించుచున్నవారు ఆ యేట 23.49 లక్షలమంది. పదునైదేండ్లకు పైబడి నలుబదితొమ్మిదేండ్ల లోపు వారిలో నూటికి 0.22 వంతు. ఆంధ్రప్రదేశమున నూటికి 0.69, తెలంగాణమున 0.49, కర్ణాటకమున 0.47, మన మహారాష్ట్రమున 0.36. పెద్ద రాష్ట్రములలో ఆంధ్రదేశపు రేటు ఎక్కువయే. భేదము లేదని మేము అనుట లేదు. ఉన్న లెక్కను లేదనుట వర్తకునకు తగదు. కాని లెక్కను సగము చదివి మూసివేయుట అంతకంటె తగదు. నూటికి 0.69 అనగా వేయిమందిలో ఏడుగురికి లోపు. తక్కిన తొమ్మిదివందల తొంబది ముగ్గురి పిల్లల నుదుట గుర్తు పెట్టవలెనని కదా ఈ ముసాయిదా కోరుచున్నది! ఇక మనుష్యుల సంఖ్య చూడుడు. దేశములో ఈ రోగముతో జీవించువారు అందరికంటె ఎక్కువమంది ఉన్న రాష్ట్రము ఏది? ఆంధ్రము కాదు, మన మహారాష్ట్రమే, 3.96 లక్షలు. ఆంధ్రప్రదేశమున 3.14 లక్షలు, కర్ణాటకమున 2.69 లక్షలు. ఎవరైన ఈ సంఖ్యనుబట్టి పటమునకు రంగు వేసినచో మన పైననే ముదురెరుపు పడును. అప్పుడు గుంటూరువారు మన పిల్లలకు సంబంధము లీయరాదని తీర్మానము చేసినచో మనము ఊరకుందుమా?

మరియొక మాట. ఖాతాలో పాత నిల్వ వేరు, ఈ యేటి కొత్త జమ వేరు. మొదటి తరగతి గుమాస్తాకైనను ఇది తెలియును. పటములోని రంగు నిల్వను చూపునదే గాని కొత్త జమను చూపునది కాదు. 2004 ఏప్రిల్ 1వ తేదీన ప్రభుత్వము ఉచితముగా మందు లిచ్చుట ఆరంభించినప్పుడు రోగము హెచ్చుగా నున్న ఆరు రాష్ట్రములను ముందుగా ఎన్నుకొనెను: తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర, కర్ణాటక, మణిపూర్, నాగాలాండ్. మందు దొరకినచోట మనిషి చావడు. బ్రతికి లెక్కలో ఉండును. వెనుకటి దినములలో నైనచో కాటికిపోయి లెక్కనుండి తొలగిపోయెడివాడు. కావున నిల్వ హెచ్చుగా నుండుటలో కొంతభాగము బ్రతికియున్న ప్రాణముల లెక్క. దానిని చూచి అసహ్యపడువారు, ఆ మనుష్యులు చచ్చియుండినచో ఆ జిల్లా శుద్ధమైయుండెడిదని చెప్పుచున్నట్లే. దేశము మొత్తముమీద చూచినచో కొత్తగా సోకుట తగ్గుచునే యున్నది. 2010తో పోల్చినచో 2019 నాటికి నూటికి 37 వంతులు తగ్గెను.

ఇక నీతి సంగతి. ఆ ప్రాంతపువారి నడత మంచిది కాదు గనుక రోగము వచ్చినదని ఆ పెద్దలు సభలో సెలవిచ్చిరి. దేశములో అన్నిటికంటె ఎక్కువ రేటు మిజోరాములో నున్నది: 2019లో నూటికి 2.32. తరువాత నాగాలాండ్ 1.45, మణిపూర్ 1.18. అక్కడివారు చదువుకొన్నవారు, భక్తిపరులు, ఆదివారము గుడి తప్పనివారు. కాని బర్మా సరిహద్దునుండి మత్తుమందు దిగుచున్నది; కుఱ్ఱవాండ్రు ఒకే సూదిని నలుగురు వాడిరి; ఆ సూది వెంట రోగము పాకినది. ఒడిస్సాలో గంజాము జిల్లా చూడుడు. బరంపురము చుట్టుప్రక్కల మన తెలుగువారు తరతరములుగా నున్న జిల్లా అది. ఒడిస్సాలో ఈ రోగము హెచ్చుగా కనబడిన జిల్లాయు అదియే. ఏల? అక్కడి మగవారు వేలకువేలు సూరతుకు మరమగ్గముల పనికి పోవుదురు. ఒక గదిలో పదిమంది, పగటివారు లేచినచోట రాత్రివారు పండుకొనుట, ఇంటిమొగము చూచుట ఏడాదికొకసారి. మరమగ్గము, ఇరుకు గది, ఇల్లు దూరము. ఈ మూడు మాటలు విని షోలాపురపు తెలుగువాడు తన అన్నదమ్ములను తలచుకొనడా? మనవారు భివండికి పోవుట లేదా?

కోస్తా జిల్లాల నడుమ కలకత్తా–మద్రాసు రహదారి పోవుచున్నది. మన ఊరి నడుమ పూనా–హైదరాబాదు రహదారి పోవుచున్నది. లారీ ఆగినచోట ఏమి జరుగునో ఆ రహదారిప్రక్కన దుకాణము నడుపు మాకు ఒకరు చెప్పనక్కరలేదు. రోగము రహదారిని ఎరుగును, ఒంటరితనమును ఎరుగును, పేదరాలి ఆకలిని ఎరుగును. ముత్తాత ఏ ఊరివాడో అది అడుగదు.

అయినను పొరుగువాని పేరు పెట్టుట మనుష్యజాతికి పాత అలవాటు. సవాయి రోగము ఐరోపాలో 1495 ప్రాంతమున నేపుల్సు యుద్ధకాలమున చెలరేగినప్పుడు ఇటలీవారు దానిని ఫ్రెంచివారి రోగమనిరి. ఫ్రెంచివారు నేపుల్సు రోగమనిరి. రష్యావారు పోలండువారి రోగమనిరి. మనవారును తక్కువ తినలేదు. పదునారవ శతాబ్దమున భావమిశ్రుడు తన వైద్యగ్రంథమున దానికి ఫిరంగ రోగమని పేరు పెట్టెను. పోర్చుగీసు పరంగివారివలన వచ్చినదని. ఆ రోగమునకు ఆనాడు వాడిన చెక్కకు ఈనాటికిని పరంగిచెక్క అనియే పేరు. మా పచారి కొట్టులో నాలుగవ అరలో అది యున్నది; వాతపు నొప్పులకని ముసలివారు కొనుచుందురు. ఐదువందల యేండ్లుగా ప్రతి దేశమును ఆ రోగమును పొరుగువాని ఇంటికి పంపివేయుచునే యున్నది. రోగము మాత్రము ఎవరి పేరును పట్టించుకొనక అందరి ఇండ్లకును వచ్చినది. పెన్సిలిన్ వచ్చినదాక దానికి సరియైన మందే లేదు.

హెచ్.ఐ.వి. సంగతియు అట్లే జరిగినది. అది తెల్లవారి రోగము, మన దేశపు ఆచారములముందు నిలువదు అని 1985 దాక పెద్దపెద్ద డాక్టర్లే అనుచుండిరి. మద్రాసు వైద్యకళాశాలలో డాక్టరు సునీతి సోలొమన్ గారును, వారి శిష్యురాలు సెల్లప్పన్ నిర్మల గారును ఆ మాటను నమ్మక, నిర్బంధగృహమునందున్న వేశ్యల రక్తమును సేకరించి వేలూరు ఆసుపత్రికి కొనిపోయి పరీక్షించిరి. 1986లో ఆరుగురి రక్తమున ఆ రోగము కనబడెను. దేశములో అదియే మొదలు. ఈ సునీతి గారు ఎవరనుకొనుచున్నారు? మద్రాసులో స్థిరపడిన మహారాష్ట్ర తోలు వర్తకుల ఇంటి ఆడబిడ్డ. మనము మహారాష్ట్రమున తెలుగువారమైనట్లే వారు తమిళదేశమున మరాఠీవారు. పరాయి రాష్ట్రమున స్థిరపడిన వర్తక కుటుంబమునుండి వచ్చిన ఒక స్త్రీ "ఇది మన ఇంట లేదు" అను అబద్ధమును మొదట బద్దలుకొట్టెను. నలుబదేండ్లు గడచిన తరువాత అట్టి కుటుంబములే కూడిన మన సంఘము ఆ అబద్ధమునే తీర్మానముగా చేయ బూనుకొనుచున్నది!

ముంబయిలోని కామాటిపుర పేరు వినగానే పదిమందిలో మన తల వంగుటయు ఎరుగుదుము. నైజాము రాజ్యమునుండి పోయి ఆ నగరమును రాయిరాయి పేర్చి కట్టిన తెలుగు కామాటీల పేరు అది. చెమటోడ్చిన కూలివాని పేరు తరువాత వేశ్యావాటికకు గుర్తైనది. "మీ తెలుగువాండ్ల పేట" అని ఎవరైన ఎగతాళి చేసినచో మన రక్తము పొంగును, పొంగవలసినదే. ఇతరులు మన మొగమున పూసిన ఆ మసిని తుడిచికొని, ఆ గుడ్డతోనే గుంటూరు పిల్ల మొగము తుడువబోవుట ఏమి న్యాయము?

ఇక మా సంగతి చెప్పవలెను. ఇది చెప్పనిచో పైన వ్రాసినదంతయు ఇతరులకు బుద్ధి చెప్పుట యగును.

మా దుకాణములో 1998 మొదలు ఒక గుమాస్తా ఉండెడివాడు. మన పద్మశాలి కులమువాడు. అతని ముత్తాత నాడే వారి కుటుంబము కరీంనగరము వైపునుండి ఇక్కడికి వచ్చినది. సరకు కొరకును బాకీల వసూలు కొరకును మేమే అతనిని నెలకు పది దినములు ముంబయికి పంపెడివారము. 2007లో అతడు చిక్కిపోవుట మొదలైనది. జ్వరము, నోటిపూత, విరేచనములు. ఏమిటని అడిగిన చెప్పలేదు. గోడమీది ప్రకటన చూచి ఒక "రహస్య వ్యాధుల" వైద్యునియొద్దకు పోయి, అరువది వేల రూపాయలు భస్మములకును లేహ్యములకును పోసెను. అందులో ఇరువది వేలు మాయొద్ద అప్పుగా తీసికొన్నవే. ప్రభుత్వపు మందులు అప్పటికి మూడేండ్లనుండి ఊరకనే దొరకుచున్నవి. మాకును తెలియదు, అతనికిని తెలియదు. రోగము పేరు బయటపడిన దినమున మేము చేసిన ఘనకార్యమేమనగా, అతనికి టీ పోయుటకు వేరొక గ్లాసు కేటాయించితిమి. మరచి మరియొకరు త్రాగుదురేమో యని దాని అడుగున ఎర్రరంగు చుక్క మేమే పెట్టితిమి. గ్లాసువలన ఆ రోగము సోకదని ఆనాడు ఎవరిని అడిగినను చెప్పియుండెడివారు. మేము అడుగలేదు. అతడు ఆ చుక్కను చూచెను, ఏమియు అనలేదు. ఆ మరుసటి దినమునుండి టీ మానెను. 2009లో చనిపోయెను. ఆంధ్రదేశపు పటమున ఎర్రరంగును చూపి మా పెద్దలు మాటలాడుచుండగా మాకు కనబడినది ఆ గ్లాసు.

అతని భార్యకును రోగము సోకియున్నట్లు తరువాత తెలిసినది. ఆమె చేసిన పాపము భర్తతో కాపురము చేయుట యొక్కటే. సర్కారు ఆసుపత్రిలో మందు మొదలుపెట్టిరి. నేటికిని జీవించియున్నది; దినమునకొక మాత్ర వేసికొని, బీడీలు చుట్టి, కూతురిని డిగ్రీ దాక చదివించినది. క్రమము తప్పక మందు వాడి రక్తమున వైరసు కనబడనంతగా తగ్గినవారినుండి కాపురమునందు సైతము ఎదుటివారికి రోగము సోకదని వైద్యులు నేడు నిస్సంశయముగా చెప్పుచున్నారు. కూతురికి రోగము లేదు. రెండు పర్యాయములు పరీక్ష జరిగినది. అయినను నిరుడు మన పట్టికద్వారా కుదిరిన సంబంధము, ఎవరో చెవిలో ఊదగా, నిశ్చితార్థమునకు నాలుగు దినముల ముందు తప్పిపోయినది. ఆమె మా దుకాణము మెట్లమీద కూర్చుండి అడిగిన మాట: "అన్నా, నా బిడ్డకేం రోగముంది? ఆస్పత్రి కాయితం నేనే తెచ్చి చూపిస్తి గదా. ఇంకేం చూపియ్యాలె?" మావద్ద సమాధానము లేదు. ఈ సంగతి ఆమె అనుమతితోనే వ్రాయుచున్నాము. పేరు వ్రాయము, ఊహింప ప్రయత్నింపకుడని వేడుచున్నాము.

ఇప్పుడు ముసాయిదాను ఈ కథకు ప్రక్కన పెట్టి చూడుడు. ఆ గుమాస్తా ఐదు తరముల షోలాపురపు మనిషి. కొత్త గడి అతనిని అడిగియుండెడిది కాదు. తెనాలినుండి మొన్న వచ్చిన బడిపంతులుగారి కూతురిని అడుగును. దొంగ ఇంటిలోనుండగా వీధితలుపుకు తాళము వేయుట కాక ఇది మరేమి?

సరే, అందరినుండియు పరీక్ష పత్రము కోరుదమందురా? ఇది కొంత న్యాయమైన మాటయే గాని ఇందులోను చిక్కులున్నవి. రోగము సోకిన తరువాత కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు మూడు నెలలదాక, పరీక్షలో కనబడకపోవచ్చును. పత్రము నిన్నటిమాట చెప్పును, రేపటిమాట చెప్పదు. పత్రము పుచ్చుకొని పెండ్లియైన అల్లుడు మరునెలలో భివండికి పోడా? పైగా మన పట్టిక నలుబదిమంది చేతులలో తిరుగు పుస్తకము. 2018 సెప్టెంబరు 10వ తేదీనుండి అమలునందున్న 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము ప్రకారము మనిషి సమ్మతి లేక ఆ పరీక్ష చేయరాదు. నమ్మి చెప్పిన ఫలితమును సమ్మతి లేక బయటపెట్టరాదు. ఆ రోగము గలవారిపైగాని, వారితో ఒకే ఇంట నివసించువారిపైగాని ద్వేషము పుట్టించు మాటలు ప్రచురించినచో మూడు నెలలనుండి రెండేండ్ల వరకు కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా. మన కార్యదర్శిగారు ఈ వాక్యమును మరల చదువ ప్రార్థన.

ఉభయపక్షములవారును తమంతట తాము, పెండ్లికి ముందు, కలసి పోయి పరీక్ష చేయించుకొనుట మాత్రము మేము హర్షింతుము. ప్రభుత్వ ఆసుపత్రులలో సలహాయు పరీక్షయు ఉచితము. 1097కు ఫోను చేసినచో ఎక్కడికి పోవలెనో చెప్పుదురు. కాని మన ఇండ్లలో జరుగునది ఏమి? పరీక్ష అనగానే పిల్లను అడుగుదురు. ఆ పిల్లలకు రోగము సాధారణముగా భర్తలవలననే వచ్చుచున్నదను సంగతి ఎవరును ఎత్తరు. వరుని జీతమెంత, ఇల్లెంత, పెట్టుబడి యెంత యని కన్యాదాత అడుగగలడు, "బాబూ, నీవు పరీక్ష చేయించుకొంటివా?" అని అడుగుటకు మాత్రము నోరు పెగలదు. అడిగినచో సంబంధము తప్పునని భయము. అట్లు తప్పిపోవు సంబంధము తప్పిపోవుటయే మేలు.

వైద్యుల ప్రకటనల మాట ముందు వచ్చినది గనుక దానినిగూడ ముగింతుము. సవాయి రోగము మొదట ఒక పుండుగా పుట్టును, నొప్పియుండదు. ఏ మందు వేసినను, వేయకున్నను, మూడునుండి ఆరు వారములలో అది దానంతట మానిపోవును. గోడమీది వైద్యుని భాగ్యమంతయు ఈ ఒక్క సంగతిలో నున్నది. నలుబది దినముల లేహ్యమిచ్చును, పుండు మానును, ఖ్యాతి వైద్యునిది, డబ్బు వైద్యునిది. రోగము మాత్రము రక్తమున దాగియుండి నెలలకో యేండ్లకో గుండెను, మెదడును, కన్నును పట్టును. గర్భిణియైనచో కడుపులోని బిడ్డను చంపును. మొదటి దశలోనే సర్కారు ఆసుపత్రికి పోయియుండినచో పెన్సిలిన్ సూదిమందు ఒక్క మోతాదుతో పోయెడిది. ఇట్టి రోగములకు మందు గలదని ప్రకటించుటనే 1954 నాటి కేంద్ర చట్టము నిషేధించినది. అయినను మన పత్రిక కడపటి పుటలో మూడేండ్లపాటు అట్టి ప్రకటన అరపుట వచ్చినది. కోశాధికారిగా ఆ డబ్బు పుచ్చుకొని రసీదు వ్రాసినది మేమే. తీర్మానములు చేయదలచినవారు ముందు ఈ పనిమీద చేయుడు. మాపై అభిశంసన వచ్చినను మేము చేయి యెత్తుదుము.

ప్రాంతములనుబట్టి రోగపు హెచ్చుతగ్గులు తెలిసికొనుట ఎందుకు పనికివచ్చునో చెప్పుటకు ప్రక్క ఊరే యున్నది. బార్షీ మన జిల్లాలోనిదే, డెబ్బది కిలోమీటర్లు. అక్కడ 1987లో పల్లెటూళ్లలోని క్యాన్సరు రోగుల పట్టిక మొదలైనది. దేశములో పల్లెలకు అట్టిది అదియే ప్రథమము. ఆ ప్రాంతపు స్త్రీలకు గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు హెచ్చని దానివలన తెలిసినది. ఆ క్యాన్సరునకు మూలము కాపురమువలన సోకు ఒక వైరసు. అది లోకములో కోట్లమందికి సోకి, చాలమందికి దానంతట పోవునది. శీలమునకు గుర్తు కాదు. అప్పుడు ఎవరైన "ఆ తాలూకా పిల్లలను చేసికొనకుడు" అని పటము గీసిరా? లేదు. అక్కడి నర్గిస్ దత్ స్మారక ఆసుపత్రివారును టాటా ఆసుపత్రివారును ప్రక్కనున్న ఉస్మానాబాదు జిల్లాలో, అనగా నేటి ధారాశివ్ జిల్లాలో, ముప్పదినుండి ఏబదితొమ్మిదేండ్ల స్త్రీలను 1,31,746 మందిని ఎన్నుకొని, ఊళ్లవారీగా భాగించి పరీక్షలు జరిపిరి. ఆ వైరసు పరీక్ష ఒక్కమారు జరిగిన ఊళ్లలో ఆ క్యాన్సరు మరణములు సుమారు సగమునకు తగ్గినట్లు 2009లో ప్రకటించిరి. పరీక్ష జరుగని ఊళ్ల స్త్రీలను తలచినచో మాత్రము మనసు కలుక్కుమనును. ఇప్పుడు దానికి టీకా గూడ వచ్చినది. మన పూనాలోనే సీరం ఇన్‌స్టిట్యూట్‌వారు తయారుచేసినది కలదు. తొమ్మిదినుండి పదునాలుగేండ్ల ఆడపిల్లలకు ముఖ్యము. లెక్క అనగా ఇట్లు వాడవలసినది. బీడీలు చుట్టు మన స్త్రీలలో ముప్పది దాటినవారిని సంఘపు ఖర్చుతో బార్షీకి బస్సులో కొనిపోవుదమని మేము రెండేండ్ల క్రితమే అడిగితిమి. నిధులు లేవనిరి. ఆ సంవత్సరమే సభాభవనపు ముఖద్వారమునకు గ్రానైటు వేయించిరి.

కావున సర్వసభ్య సమావేశమున మేము కోరునవి ఇవి. ముసాయిదాను ఉపసంహరించుకొనవలెను. పత్రికలో అట్టి వైద్యుల ప్రకటనలు నిషేధించవలెను. బార్షీ ప్రయాణమునకు గ్రానైటునకు పెట్టినదానిలో నాలుగవ వంతు కేటాయించవలెను. అందులో సగము మా దుకాణము భరించును. ఆ అరపుట ప్రకటనల సొమ్ము ఎంతయో లెక్కకట్టి, దానిని సైతము మా చేతినుండి ఇందుకే జమకట్టెదము.

ముసాయిదా వ్రాసిన పెద్దలపై మాకు ద్వేషము లేదు. ఆయన పెద్ద కుమారుని కుటుంబము విజయవాడలో నున్నది. మనుమరాలికి సంబంధములు చూచుచున్నారని విన్నాము. కొన్నాళ్లకు ఆ పిల్ల షోలాపురము వచ్చి పట్టికలో పేరు వ్రాయించుకొనవలసివచ్చినచో ఏ గడిలో వ్రాయుదమో వారే చెప్పవలెను.

పట్టిక పుస్తకము ప్రస్తుతము మా దుకాణమునందే యున్నది. కొత్త గడి గీయుడని మొన్న ఇద్దరు వచ్చి అడిగిరి, గీయలేదు. గుమాస్తా కూతురి వివరములు నలుబదియేడవ పుటలో నున్నవి. చూడదలచినవారు ఉదయము పదింటినుండి రాత్రి ఎనిమిదింటి వరకు రావచ్చును.